కోట గోడకు నాలిక పెట్టిన రోజు

నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, బస్సు నంబరు చదువుతాను, మందు డబ్బా రంగు చూసి ఏ పూటదో పోల్చుకుంటాను. అంతవరకే. అందుకని నేను చెబుతుంటే మా పక్క బ్లాకులో ఉండే మాధవి రాస్తోంది. కాకినాడ పిల్ల. చాంగీ బిజినెస్ పార్కులో మా అమ్మాయి సరళతో కలిసి పనిచేస్తుంది. మా ముత్తాతల కాలంలో మావాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. నేను పుట్టింది, పెరిగింది, మొగుణ్ణి సాగనంపింది అంతా సింగపూరులోనే. నా తెలుగులో అరవం, మలయా దేశపు మలయూ కలిసిపోయి ఉంటాయి. మాధవి మధ్యమధ్యలో ఆపి "ఆంటీ, ఈ మాట ఏంటి?" అంటుంది. "నువ్వు రాసేయ్ తల్లీ, చదివేవాళ్ళకి బుర్ర ఉంటుంది" అంటాను. గొంతు కూడా బాగోదు నాది. చిన్నప్పుడు సున్నం దుమ్ము పీల్చిన గొంతు, గీరుకుపోయి ఉంటుంది. అయినా వినవలసిన సంగతి ఒకటుంది నా దగ్గర.

మా ఆయన బస్సు నడిపేవాడు. ఆయన పోయాక నేను పుంగ్గోల్‌లో మా ఫ్లాటు గడప దాటడం మానేశాను. కింద కాఫీ కొట్టుకి కూడా పోయేదాన్ని కాదు. సరళ ఊరుకోలేదు. దానికి కోటలంటే పిచ్చి, చిన్నప్పటి నుంచీ. "అమ్మా, ఇటలీ పోదాం. అందరూ పోయే చోటు కాదు, కిందికి, దక్షిణానికి, పూలియా అని ఉంది. అక్కడ కొండ మీద ఒక కోట, సముద్రం ఒడ్డున ఒక కోట, ఎక్కడ చూసినా కోటే" అంది. నా మోకాళ్ళు చూపించాను. "మెట్లు నువ్వు ఎక్కక్కర్లేదు, నేనెక్కి వచ్చి చెబుతా" అంది. అలా బయల్దేరదీసింది నన్ను.

మొదట చూసింది గుట్ట మీది కోట. చాలా దూరం నుంచే కనబడుతుంది. చుట్టూ పొలాలు, ఆలివ్ చెట్లు, మధ్యలో ఎవరో తెల్లటి డబ్బా తెచ్చి పెట్టినట్టు. దగ్గరికి పోతే దానికి ఎనిమిది పక్కలు, ప్రతి మూలకీ ఒక బురుజు, ఆ బురుజులకీ ఎనిమిదేసి పక్కలు. లోపల వాకిట్లో నిలబడి తలెత్తితే ఆకాశాన్ని కూడా ఎనిమిది పలకలుగా కోసి పైన పెట్టినట్టుంది. ఏ రాజో కట్టించాడట. సరళ పేరు చెప్పింది, నాకు నోరు తిరగలేదు. రాజు సంగతి నాకెందుకు? నేను గోడలు చూశాను. రాయికీ రాయికీ మధ్య వేలిగోరు దూరదు. చేత్తో తడిమితే ఒక్క చోట కూడా ఎగుడుదిగుడు లేదు. వాన నీళ్ళు పైకప్పు మీంచి దిగి బురుజుల్లో తొట్లలో చేరేలాగ దారి కట్టారట. అన్ని వందల ఏళ్ళ కింద, యంత్రం లేదు, కరెంటు లేదు, తాపీ పట్టుకున్న చేతులే. సరళ ఫోటోలు తీస్తుంటే నేను అక్కడున్న రాతి అరుగు మీద కూచుని ఆ చేతులకి దండం పెట్టుకున్నాను. నిజంగానే పెట్టాను. ఒకావిడ చూసి నవ్వింది కూడా.

రెండోనాడు త్రాని అనే ఊరు పోయాం. అక్కడ కోట సముద్రంలోకి కాళ్ళు చాపుకుని కూచున్నట్టు ఉంటుంది. అల వచ్చి గోడ మొదట్లో తగులుతుంది. లోపలికి పోయాం. ఒక వసారాలో రాతి మీద పాత సున్నపు పూత ఉంది. అక్కడక్కడ పెచ్చులూడింది, ఊడిన చోట తెల్లగా బూజులాగా ఏదో పూసింది. ఆ పూత చూడగానే నాకు కాళ్ళు ఆగిపోయాయి. నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. చుట్టూ జనం ఉన్నారు, సరళ పక్కనే ఉంది, నేను వంగి ఆ గోడకి నాలిక పెట్టేశాను.

"సినోరా! సినోరా!" అని కోట కాపలా అతను ఒకడు పరిగెత్తుకొచ్చాడు. సరళ మొహం ఎర్రబడిపోయింది. "అమ్మా! వాట్ ఆర్ యూ డూయింగ్! పరువు తీశావు లా!" అంది. దానికి కోపం వస్తే ఇంగ్లీషూ, మాట చివర తగిలించే సింగపూరు 'లా' కూడా కలిసి వచ్చేస్తాయి. నేను మాత్రం ఒకటే మాట అన్నాను, "ఉప్పు." అంతే.

ఆ వసారా చివర ఇనుప గొట్టాల మంచె కట్టి, దాని మీద ఒకావిడ పనిచేస్తోంది. నా వయసుకి పదేళ్ళు తక్కువుంటాయేమో. చేతులకి తెల్ల దుమ్ము, నెత్తికి గుడ్డ. ఈ గొడవ విని దిగి వచ్చింది. కాపలా అతను ఏదో చెబితే విని ఫక్కున నవ్వింది. నవ్వి, నేను నాలిక పెట్టిన చోటు పక్కనే తన నాలిక పెట్టి, అవును ఉప్పే అన్నట్టు తలాడించింది. కాపలా అతను రెండు చేతులూ గాల్లోకి ఎత్తి వెళ్ళిపోయాడు. సరళ ఫోన్లో తెలుగు మాట ఇంగ్లీషుగా, ఇంగ్లీషు మాట ఇటలీ భాషగా మార్చి మా ఇద్దరికీ మధ్య కూచుంది. ఆవిడ తాత కూడా సున్నం పనివాడేనట. ఆయనా నాలికతోనే చూసేవాడట. నేను నా గుండె మీద చెయ్యి పెట్టుకుని "మా అయ్య" అన్నాను. ఆ మాట మార్చడానికి ఫోను అక్కర్లేకపోయింది.

మా అయ్య సున్నం మేస్త్రి. ఇప్పుడు మేమున్న ఈ పుంగ్గోల్ నీళ్ళ ఒడ్డునే, ఈ మేడలూ రైళ్ళూ రాకముందు, తాటాకు కప్పిన ఇళ్ళ కంపోంగ్, పల్లె అన్నమాట, ఉండేది. ఒక పక్క చీనావాళ్ళ పందుల దొడ్లు, ఇంకో పక్క మలయూ వాళ్ళ చేపల పడవలు, మధ్యలో మావి నాలుగిళ్ళు. మా ఇంటి వాసన ఇప్పుడెక్కడా దొరకదు. గుల్లలు కాల్చిన బట్టీ పొగ, తొట్టిలో వారాల తరబడి నానిన కొబ్బరి పీచు కంపు, దాని మీదుగా బెల్లం నీళ్ళ తీపి వాసన. ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. కొబ్బరి పీచు నానిన నీళ్ళూ, బెల్లమూ సున్నంలో పోసి మా అమ్మ, మామ్మ రాతి మీద నూరేవారు, పచ్చడి నూరినట్టు, వెన్నలాగా జారేదాకా. పైపూతకి గుడ్డు తెల్లసొన. ఆ పూత ఆరుతూ ఉండగా నున్నటి గులకరాయితో రుద్దుతూనే ఉండాలి. అయ్య రుద్దిన గోడలో మామ్మ తన మొహం చూసుకుని బొట్టు సర్దుకునేది. "అద్దం కొనక్కర్లేదర్రా మనకి" అనేది. నేనిది గొప్పకి చెప్పడం లేదు, నా కళ్ళతో చూశాను.

ఇసుక మాత్రం సముద్రం ఒడ్డుదే దొరికేది. సముద్రం ఇసుకలో ఉప్పుంటుంది, ఉప్పు పూతని తింటుంది. అందుకని మూడు నీళ్ళు కడగాలి. కడిగాక ఉప్పు పోయిందో లేదో చూడడానికి ఒక నాలిక కావాలి. మా ఇంట్లో అయ్య, అమ్మ, మామ్మ ముగ్గురూ పొద్దు పొడిచిన దగ్గర నుంచి ఆకూ వక్కా సున్నం నమిలేవారు. వాళ్ళ నాలికలు కాలిపోయి ఉండేవి. మా అన్న నారాయుడుకి పదిహేనేళ్ళకే బీడీ అలవాటైంది. మిగిలింది నేను. పదో పదకొండో ఉంటాయి నాకు. బడికి పంపలేదు, ఈ పనికి పెట్టారు.

ఇసుక చూసే రోజున నాకు ఉప్పు ముట్టనిచ్చేవారు కాదు. పొద్దున్నే మామ్మ చప్పటి గంజి పోసేది. పచ్చిమిరపకాయ కొరుకుతానన్నా ఒప్పుకునేది కాదు. వాన నీళ్ళతో నోరు పుక్కిలించి కుప్ప దగ్గరికి పోయేదాన్ని. అయ్య కుప్ప పైన తీసేవాడు కాదు, మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపల్నుంచి చిటికెడు తీసి నా నాలిక మీద వేసేవాడు. "ఒలే గుంటా, బాగా సూడు. తొందరపడకు" అనేవాడు. చుట్టూ కూలీలు, మా అమ్మ, తట్టలు పట్టుకుని అందరూ నా మొహమే చూసేవారు. "ఉప్పన" అంటే ఆడాళ్ళు నడుములు పట్టుకుని మూలిగేవారు, మళ్ళీ నీళ్ళు మొయ్యాలి కదా. "సప్పన" అన్నానంటే అయ్య నోట్లో ఆకు తుపుక్కున ఉమ్మి "కలపండి" అనేవాడు. అంతమంది పెద్దవాళ్ళు నా ఒక్క మాట కోసం నిలబడడం! ఆ తరవాత పెళ్ళయింది, పిల్ల పుట్టింది, కానీ నా మాటకి అంత విలువ మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు.

మనవాళ్ళంతా కలిసి ఒక భజన మందిరం కట్టించారు. లోపలి గోడలు పాత పద్ధతిలో అద్దంలా ఉండాలని అయ్యకి ఇచ్చారు. శ్రీరామనవమికి తలుపులు తియ్యాలి. తొందర పని. వీధి కుళాయి దగ్గర బారెడు వరస. ఆఖరి బండి ఇసుక వచ్చిన రోజున నేను పక్క కొట్టు చీనా వాళ్ళ పిల్లతో ఆడుకుంటున్నాను, ఆలాన్ దాని పేరు. ఆలాన్ జేబులోంచి అసంబోయ్ తీసింది. ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన ఎర్రటి పండు అది, మన రేగొడియాల్లాగా పుల్లగా, ఉప్పగా ఉంటుంది, బుగ్గన పెట్టుకుంటే గంటసేపు ఊరుతుంది. ఒకటి నాకిచ్చింది. వద్దనాలని తెలుసు. తీసుకున్నాను. ఇంకోటి తీసుకున్నాను. అంతలో "ఒలే గుంటా!" అని అయ్య కేక.

గింజ ఉమ్మేసి పరిగెత్తాను. పుక్కిలించాను, ఒకసారి కాదు, నాలుగుసార్లు. అయ్య ఇసుక నాలిక మీద వేశాడు. నోరంతా ఆ పండే. ఇసుక ఉప్పు ఏదో పండు ఉప్పు ఏదో నాకు తెలీలేదు. చెప్పేయొచ్చు. "అయ్యా, నేను ఉప్పు తిన్నాను" అంటే నాలుగు దెబ్బలు వేసేవాడేమో, అంతే. కానీ రేపటి నుంచి ఇంకో పిల్లని నిలబెడతాడు ఆ కుప్ప దగ్గర. నా చోటు పోతుంది. ఆ భయం నన్ను తినేసింది. అందరూ చూస్తున్నారు. "సప్పన" అన్నాను. అయ్య ఆకు ఉమ్మి "కలపండి" అన్నాడు.

మందిరం తెరిచినప్పుడు ఊరంతా వచ్చి గోడ ముందు నిలబడి జుట్టు సర్దుకున్నారు. ఆ యేడు చివర పెద్ద వానలు పట్టాయి. తలుపు పక్క గోడ తెల్లగా పూసింది. తరవాత పొక్కింది. తరవాత అప్పడంలాగా పెళ్ళలు పెళ్ళలు రాలింది. కమిటీ పెద్దాయన అందరి ముందూ అయ్యని పిలిచి "ఏమయ్యా మేస్త్రీ, దేవుడి పనిలో కూడా కక్కుర్తేనా? మూడో నీరు ఎగ్గొట్టావు కదూ?" అన్నాడు. నేను మా అమ్మ కొంగు వెనకాల ఉన్నాను. అయ్య నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. రాలిన పెళ్ళ ఒకటి తీసి చేతిలో తిప్పి చూశాడు. "పని నాది, తప్పు నాది" అన్నాడు. మూడో నీరు పోశారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అది కనిపెట్టడానికే కదా నా నాలికని అక్కడ పెట్టింది.

ఆ గోడ అయ్యే గీకి ఇచ్చాడు, వేరే వాళ్ళు వచ్చి సిమెంటు చేశారు. మరి సున్నం పనికి ఎవరూ పిలవలేదు. అయ్య ఇంకొకరి దగ్గర సిమెంటు బస్తాలు మోశాడు. గులకరాళ్ళు మామ్మ కారం నూరుకోవడానికి తీసుకుంది. మా అన్న అప్పట్నుంచి అయ్యతో సరిగ్గా మాట్లాడేవాడు కాదు. తొందరలో అయ్యే మూడో నీరు మానిపించాడని వాడి నమ్మకం. అయ్య పోయాడు, మాకు పెళ్ళిళ్ళయ్యాయి, కంపోంగ్ పోయింది, ఫ్లాట్లు వచ్చాయి. అన్న ఇక్కడే పాసిర్ రిస్ పేటలో ఉంటాడు. వాడి ఇంట్లో ఎవరైనా పని సగంలో వదిలితే ఒకటే మాట, "మీ తాతలాగ చేసి పేరు పోగొట్టుకోకండి." అరవయ్యేళ్ళు ఆ మాట వింటూ వాళ్ళింట్లో అన్నం తిన్నాను నేను.

త్రానిలో ఆవిడ తన పని చూపించింది. కాగితం నానబెట్టి ముద్ద చేసి గోడకి మెత్తుతుంది, జ్వరమొచ్చిన పిల్లకి తడిగుడ్డ వేసినట్టు. ఆరేసరికి లోపలి ఉప్పు ఆ ముద్దలోకి వస్తుంది. ఊడదీసి మళ్ళీ కొత్త ముద్ద. నెలల తరబడి అదే పని. సముద్రం పక్కన కోట, ఉప్పు ఎప్పటికీ వస్తూనే ఉంటుంది, వీళ్ళు తీస్తూనే ఉంటారు. ఎంత ఓపిక! నా ఫ్లాటు గోడకి పిచికారీ కొట్టి పోతారు, అరపూట పని. ఆ ఓపిక చూసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని అడిగాను, ఇసుకలోనే ఉప్పుంటే ఎన్నాళ్ళకి బయటపడుతుందని. "మొదటి పెద్ద వానలకే" అంది. అయితే మా మందిరంలోనూ ఇసుకే. నాలోపల ఎక్కడో ఒక మూల, నేల చెమ్మ అయ్యుండొచ్చు, గోడ అడుగు అయ్యుండొచ్చు అని దాచుకున్న ఆశ ఉండేది. అది పోయింది. పోతే బాధ కలగలేదు, వింతగా. ఇంకోటి అడిగాను, "ఈ కోటలో ఉప్పు ఎవరి తప్పు?" సరళ రెండుసార్లు ఫోన్లో చెప్పినా ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదు. చివరికి భుజాలు ఎగరేసి అంది, "ఎవరిదైతేనేం, తియ్యాల్సింది ఇక్కడున్నవాళ్ళే కదా."

సరళకి ఆ సాయంత్రం ఏమీ చెప్పలేదు. ఇంకో రెండు కోటలు చూశాం. ఒకదాని కందకంలో గడ్డి, పువ్వులు. ఒకదాని గోడలు ఎంత మందమంటే కిటికీలోనే ఒక మంచం పడుతుంది. అన్నీ బాగున్నాయి. నేను మాత్రం ఆవిడ అన్న ఆ ఒక్క మాటే నోట్లో తిప్పుకుంటూ తిరిగాను.

సింగపూరు తిరిగొచ్చిన ఆదివారమే అన్న ఇంటికి పోయాం. భోజనాల వేళ. అన్న కొడుకు రవి తన కూతురు నిత్యని కసురుతున్నాడు, బడి పని ఏదో సగం చేసి వదిలేసిందని. "మా తాత కథ తెలుసు కదా, అలా అవుతావా?" అన్నాడు. అన్న అన్నం కలుపుతూ తల ఊపాడు.

"అన్నా," అన్నాను, "ఆ ఇసుక తప్పు అయ్యది కాదు. నాది."

"ఏ ఇసుక?"

"మందిరం ఇసుక. ఆవేళ నా నోట్లో అసంబోయ్ ఉంది. ఉప్పు తెలీలేదు. తెలీకుండానే సప్పన అని సెప్పీసినాను."

అన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మూడో నీరు అయ్యే కదా మాన్పించింది."

"నువ్వు సూసినావా?"

"నాను సున్నం గోతి కాడ ఉన్నాను."

"మరి సూడకుండా అరవయ్యేళ్ళు సెప్పినావు. నాను తెలిసీ అరవయ్యేళ్ళు ఊరుకున్నాను."

"ఎందుకు ఊరుకున్నావే?" కంచం పక్కకి తోశాడు వాడు. ఎనభైకి దగ్గరపడిన మనిషి.

"ముందు అయ్యకి భయపడి. తరవాత నీకు."

సరళ నా వైపు గుడ్లప్పగించి చూస్తోంది. రవి నీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపి "అత్తా, అప్పుడు నువ్వు చిన్నపిల్లవి లా. ఇట్స్ ఓకే" అన్నాడు. మంచివాడు, మంచికే అన్నాడు. అన్న బల్ల మీద ఎడం చెయ్యి వేసి కొట్టాడు. "నీకు ఓకేరా! నాకు కాదు. మా అయ్యని దొంగని చేసి మీకు పాఠం సెప్పినాను నాను. టీవీ ఆపీ. నీ పెళ్ళాన్ని పిలు. పిల్లని ఇలా కూచోపెట్టు." నా వైపు తిరిగాడు. "ఇప్పుడు సెప్పు. మొదట్నుంచి సెప్పు. ఆ పండు కాడి నుంచి."

"వాళ్ళకి నా తెలుగు అర్థం కాదు, అన్నా."

"రవి ఇంగ్లీషులో సెప్తాడు. నువ్వు సెప్పు. ముందర పేరుతో మొదలెట్టు. ఈ ఇంట్లో ఆ పేరు ఎవరికీ తెలీదు."

నిజమే. తాత అనే తప్ప ఆ పిల్లలకి ఎవరూ పేరు చెప్పలేదు. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూచుంది.

"అప్పన్న మేస్త్రి" అన్నాను.

"హూ ఈజ్ దట్?" అంది నిత్య.

నేను నోరు తెరిచేలోపు మా అన్న చెప్పాడు, "మా అయ్య."